సిక్కోలులో కూర్చుని యుద్ధపటం చదవడం: ఐఎస్‌డబ్ల్యూ రోజువారీ నివేదిక ఎంతవరకు పనికొస్తుంది?

విజయనగరం జిల్లా విస్తీర్ణం 4,122 చదరపు కిలోమీటర్లు. 2024 సంవత్సరమంతా పోరాడి రష్యా కొత్తగా పట్టుకున్న నేల 4,168 చదరపు కిలోమీటర్లని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ద స్టడీ ఆఫ్ వార్, పొట్టిగా ఐఎస్‌డబ్ల్యూ, లెక్క కట్టింది. అంటే బొబ్బిలిని, భోగాపురాన్ని కలుపుకుని మన ఒక్క జిల్లా అంత. అందులోనూ ఎక్కువ భాగం పొలాలు, చిన్న చిన్న ఊళ్లు. దానికోసం రష్యా వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 4 లక్షల 20 వేలకు పైనేనని ఉక్రెయిన్ సైన్యం చెప్పింది. ఐఎస్‌డబ్ల్యూ ఆ అంకెను ఎత్తి రాసినప్పుడు తన లెక్కగా రాయలేదు, ఒకరు చెప్పిన లెక్కగానే రాసింది. "ఉక్రెయిన్ కుప్పకూలుతోంది", "రష్యా పని అయిపోయింది" అనే రెండు మాటలూ అదే ఏడాది చెవిన పడ్డవాళ్లు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే యుద్ధం ఏ నడక నడుస్తోందో తెలిసిపోతుంది. ఈ నివేదిక విలువ అక్కడుంది.

వాషింగ్టన్‌లోని ఈ సంస్థను 2007లో కింబర్లీ కేగన్ స్థాపించారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా దండయాత్ర మొదలైన నాటి నుంచి, అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్‌లోని క్రిటికల్ థ్రెట్స్ ప్రాజెక్టుతో కలిసి దాదాపు రోజూ ఒక నివేదిక, కొన్ని మ్యాపులు విడుదల చేస్తోంది. రూపాయి కట్టక్కర్లేదు. మెయిల్ ఐడీ ఇస్తే ఇన్‌బాక్సుకే వస్తుంది. అయితే వీళ్లు విలేకరులు కారని మొదటే గుర్తుపెట్టుకోవాలి. యుద్ధభూమిలో వీళ్ల మనిషి లేడు. రెండు దేశాల సైన్యాల ప్రకటనలు, టెలిగ్రామ్‌లో రష్యన్ మిలటరీ బ్లాగర్ల రాతలు, సైనికులే తీసి పెట్టిన వీడియోలు, డబ్బిచ్చి కొనే ఉపగ్రహ చిత్రాలు ఇవీ వీళ్ల ముడిసరుకు. అన్నీ బయట దొరికేవే, రహస్య సమాచారం వాడరు. రాసిన ప్రతి మాటకూ కింద అంకె వేసి, అది ఎక్కడి నుంచి తెచ్చారో లింకు ఇస్తారు. అనుమానం వస్తే నొక్కి చూసుకోవచ్చు.

మన భాషలో "అట" అనే చిన్న ముక్క ఉంది. "వాన పడింది" వేరు, "వాన పడిందట" వేరు. మొదటిది చూసి చెప్పిన మాట, రెండోది విని చెప్పిన మాట. చదువురాని ముసలమ్మ కూడా ఈ తేడా పొరపాటున కలపదు. యుద్ధవార్తల్లో మాత్రం ఆ "ట" రాలిపోయింది. సైన్యం "పట్టుకున్నాం" అంటే శీర్షికలో "పట్టుకుంది" అయిపోతుంది. ఐఎస్‌డబ్ల్యూ మ్యాపు ఆ "ట"కు ఒక రంగు కేటాయించింది. రష్యా చేతిలో ఉందని తాము ఆధారాలతో నిర్ధారించిన నేలకు ఎరుపు ఛాయ. రష్యా వర్గాలు తమదని చెప్పుకుంటున్నా ఆధారం దొరకని నేలకు పసుపు. ఉక్రెయిన్ తిరిగి గెలుచుకున్నట్టు చెబుతున్న చోటుకు నీలం. పసుపు కనబడిన ప్రతిచోటా మనసులో "అట" చేర్చుకుని చదివితే సగం పని అయినట్టే.

ఇది ఎంత దూరం పనికొస్తుందో ఉక్రెయిన్ ఖార్కివ్ ప్రాంతంలోని కుప్యాన్స్క్ ఊరి ఉదంతం చూపిస్తుంది. 2025 నవంబరు 20న రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి గెరాసిమోవ్, కుప్యాన్స్క్ తమ చేతికి వచ్చేసిందని పుతిన్‌కు నివేదించాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఐఎస్‌డబ్ల్యూ మాత్రం ఆ ఊరు మొత్తం రష్యా అధీనంలో ఉన్నట్టు ఆధారాలు లేవంటూ వచ్చింది. డిసెంబరు 12న జెలెన్‌స్కీ ఆ ఊరి పొలిమేరలో, ఊరి పేరు చెక్కిన స్తంభం ముందు నిలబడి వీడియో పెట్టాడు. మూడు వారాలపాటు ఓపిక పట్టినవాళ్లు తప్పు మాట మోయలేదు.

చదివే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నివేదిక పొడుగు చూసి మొదటిరోజే వదిలేసేవాళ్లు ఎక్కువ. ముందు తేదీ కాదు, సమాచారం ఏ గంట వరకు తీసుకున్నారో ఆ కటాఫ్ సమయం చూడాలి. అది అమెరికా తూర్పు తీరపు టైములో ఉంటుంది. మధ్యాహ్నం 12:30 అని ఉంటే వేసవిలో మనకు రాత్రి 10 గంటలు, చలికాలంలో 11. ఆ తర్వాత జరిగింది ఆ రోజు మ్యాపులో ఉండదు. నివేదిక వాళ్ల సాయంత్రానికో రాత్రికో వస్తుంది కాబట్టి మనం పొద్దున్న టీ తాగుతూ చదివేది అప్పటికే ఎనిమిది తొమ్మిది గంటల పాతది. తెల్లవారుజామున పడిన క్షిపణి అందులో లేదని "దాచేశారు" అనడం తప్పు.

తర్వాత మ్యాపు పక్కనున్న లెజెండ్, అంటే ఏ రంగుకు ఏ అర్థమో చెప్పే పట్టిక, ఆపైన స్కేలు. ఈ రెండోది దాదాపు ఎవరూ చూడరు. ఒక్కో యుద్ధరంగానికి దగ్గరగా తీసిన మ్యాపులో అరచేతి వెడల్పున కనబడే ఎర్ర మరక నిజానికి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి గుడి దాకా ఉండే దూరమే కావచ్చు. దేశం మొత్తం చూపే మ్యాపులో అది సూదిమొన అంత కూడా కనబడదు. యుద్ధరేఖ వెయ్యి కిలోమీటర్లు దాటి సాగుతోంది. ఒకచోట రెండు కిలోమీటర్లు ముందుకు రావడం, రేఖ విరగడం రెండూ ఒకటి కావు. విరిగితే ఎలా ఉంటుందో 2022 సెప్టెంబరులో ఖార్కివ్ ప్రాంతంలో కనబడింది. అక్కడ రోజుల వ్యవధిలో ఉక్రెయిన్ పట్టణాలకు పట్టణాలు వెనక్కి తెచ్చుకుంది.

ఆపైన "కీ టేకవేస్" అని పది లోపు ముఖ్యాంశాలు ఉంటాయి. అవి చదివి, మీకు కావలసిన ఒక్క రంగం తీసుకోండి, పోక్రోవ్స్కో, జపోరిజ్జియానో. ఒకే రంగాన్ని రెండు వారాలు వరసగా చదివితే ఊళ్ల పేర్లు నోటికి వస్తాయి, రోడ్డు ఎటు పోతుందో, నది ఎక్కడ అడ్డమో తెలుస్తుంది. అన్ని రంగాలూ ఒక్కరోజు చదివితే ఏదీ మిగలదు. గ్రూప్స్, సివిల్స్‌కు చదివేవాళ్లకు ఇదే సరైన దారి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

నివేదికలో క్రియాపదాల మీద కన్నుంచాలి. "జియోలొకేటెడ్ ఫుటేజ్ ఇండికేట్స్" అంటే దృశ్యం దొరికింది, చోటు తేలింది. "క్లెయిమ్‌డ్" అంటే ఒక పక్షం చెప్పుకుంది. "లైక్లీ", "అసెసెస్" అంటే ఐఎస్‌డబ్ల్యూ ఊహించింది. ఫోన్‌లో తెలుగులోకి మార్చుకుని చదివితే ఈ మూడూ తరచూ ఒకే "పేర్కొంది" కిందకు వచ్చి పడతాయి. కనీసం ఈ మాటల వరకైనా ఇంగ్లీషు వాక్యం పక్కన పెట్టుకోండి. తెలుగులో మళ్లీ రాసేవాళ్లు మొదటిదానికి "కనబడింది", రెండోదానికి "అంటోంది", మూడోదానికి "అయి ఉండొచ్చు" అని రాస్తే పాఠకుడు మోసపోడు.

జియోలొకేషన్ అంటే మంత్రం కాదు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఎవరో వీడియో తీశారనుకోండి. స్తంభం ఒక్కటే కనబడితే ఊరు తెలుస్తుంది గానీ తీసినవాడు ఏ దిక్కున నిలబడ్డాడో తెలియదు. స్తంభం వెనక ఒక నీళ్ల ట్యాంకు, ఎడమ పక్క రోడ్డు మలుపు కూడా పడితే, ఆ మూడింటినీ ఉపగ్రహ చిత్రంలో వెతికి గీతలు గీస్తే అవి కలిసే చోటే కెమెరా ఉన్న చోటు. యుద్ధంలోనూ ఇంతే. చర్చి గోపురం, ధాన్యం గోదాం, పొలం గట్టున చెట్ల వరస, ఇలా కనీసం మూడు కదలని గుర్తులు కావాలి. ఎప్పుడు తీశారో నీడ చెబుతుంది. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మే నడిమి నుంచి జులై చివరిదాకా సూర్యుడు మనకు ఉత్తరంగా వెళ్తాడు కాబట్టి సిక్కోలులో మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఉక్రెయిన్ చాలా ఉత్తరాన ఉంది, అక్కడ ఏడాది పొడవునా మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే. మన అలవాటుతో ఆ వీడియో చూస్తే దిక్కులు తారుమారవుతాయి.

ఇంత జాగ్రత్తలోనూ దొర్లే తప్పులున్నాయి. మొదటిది ఆలస్యం. ఊరు పోయాక దృశ్యం బయటకు రావడానికి రోజులు పడుతుంది, ఓడిన పక్షం వీడియో పెట్టదు. కాబట్టి ఎరుపు రంగు నిజం కన్నా ఒకటి రెండడుగులు వెనకే నడుస్తుంది. రెండోది, అసలు "రేఖ" అనే ఊహే ఇప్పుడు పలచబడిపోయింది. డ్రోన్ల వల్ల రెండు వైపులా కిలోమీటర్ల కొద్దీ నేల మీద పగటిపూట వాహనం కదలలేదు. ఇద్దరు ముగ్గురు సైనికులు నడిచి, పాకి, ఊళ్లోకి దూరి, ఒక డాబా మీద జెండా కట్టి వీడియో తీస్తారు. గంట తర్వాత వాళ్లు బతికి ఉన్నారో లేదో తెలియదు. జెండా కనబడింది నిజమే, ఊరు చేతిలో ఉందా అంటే అది వేరే ప్రశ్న. ఇటీవలి నివేదికలు చొరబాటును, పట్టును వేరు చేసి రాయడం మంచి మార్పు.

పోల్చి చూడటానికి డీప్‌స్టేట్ ఉంది. ఉక్రెయిన్ యువకులు నడిపే ఈ మ్యాపుకు సైన్యంలో పరిచయాలు ఎక్కువ, అందుకే కొన్నిసార్లు ముందే చెబుతుంది. ఎవరి చేతిలోనూ గట్టిగా లేని నేలకు బూడిద రంగు వేయడం దాని గొప్ప. అయితే అది పోరాడుతున్న ఒక పక్షం దేశంలోని సంస్థ. రెండూ ఒకే రోజు తెరిచి, ఎక్కడ తేడా ఉందో అక్కడే పోరు నలుగుతోందని తీసుకోండి. మంటల జాడ చూపే నాసా వారి ఫర్మ్స్ మ్యాపును కూడా యుద్ధవార్తకు వాడుతున్నారు. ఉపగ్రహం వేడిని పసిగట్టి మూడు గంటల్లోపు చుక్క పెడుతుంది. ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం, ఎందుకు మండిందో అది చెప్పదు. మన్యంలో పోడుకు నిప్పు పెట్టే రోజుల్లో సీతంపేట, కురుపాం కొండల మీద ఫర్మ్స్ తెరిస్తే చుక్కలు కనబడతాయి. అక్కడ యుద్ధమేమీ జరగడం లేదు కదా.

ఇక మొగ్గు. ఐఎస్‌డబ్ల్యూ అమెరికా సంస్థ. రష్యా, ఇరాన్‌ల విషయంలో గట్టి వైఖరి ఉన్నది, ఉక్రెయిన్‌కు ఆయుధసాయం కొనసాగాలని బాహాటంగా వాదించేది. ఏ ఊళ్లో ఏం జరిగిందన్న భాగంలో ఆ మొగ్గు తక్కువ, పుతిన్ మనసులో ఏముందన్న భాగంలో ఎక్కువ. మొదటి భాగాన్ని ధీమాగా తీసుకోవచ్చు. రెండో భాగాన్ని ఒక న్యాయవాది వాదనలాగా వినాలి. గాజా మీద వీళ్ల మ్యాపులకైతే ఇంకా జాగ్రత్త కావాలి. 2023 అక్టోబరు నుంచి విదేశీ విలేకరులు స్వతంత్రంగా గాజాలోకి వెళ్లడానికి ఇజ్రాయెల్ అనుమతించలేదు, సైన్యం వెంట తీసుకెళ్లినప్పుడు తప్ప. లోపల ఉండి రాసింది, చిత్రాలు తీసింది పాలస్తీనా విలేకరులే. వాళ్లలో ఎందరో ఆ పనిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పోరాడుతున్న పక్షాల ప్రకటనలతో గీసిన మ్యాపు, ఆ విలేకరుల రాతలు లేకుండా చూస్తే, సగం కన్ను మూసుకుని చూసినట్టే.

ఈ సేవలోని అతిపెద్ద లోటు మనుషులు. బ్రిగేడ్ నంబర్లు ఉంటాయి, ఊళ్లు ఉంటాయి, ఆ ఊళ్లలో నీళ్లు వస్తున్నాయా, పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారు అన్నది ఉండదు. దానికి విలేకరి దగ్గరకే పోవాలి. 2022 మార్చి 9న మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడినప్పుడు ఆ నగరంలో మిగిలిన అంతర్జాతీయ విలేకరులు అసోసియేటెడ్ ప్రెస్, పొట్టిగా ఏపీ, వార్తాసంస్థ బృందమే. మ్స్తిస్లావ్ చెర్నోవ్, యెవ్‌హెన్ మలోలెట్కా తీసిన చిత్రాల్లోని గర్భిణి నటి అని రష్యా ప్రచారం చేసింది. ఏపీ వాళ్లు ఇంకో ఆసుపత్రిలో ఆమెను వెతికి పట్టుకుని, బిడ్డ పుట్టాక మళ్లీ చూపించారు. ఆ పని వాషింగ్టన్‌లో కూర్చుని ఏ మ్యాపూ చేయలేదు.

విలేకరులూ తప్పుతారు, అది ఎలా సరిదిద్దుకున్నారన్నదే చూడాలి. 2023 అక్టోబరు 17న గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి దగ్గర పేలుడు జరిగిన మొదటి గంటల్లో, ఇజ్రాయెల్ దాడి అన్న హమాస్ మాట మీద ఎక్కువగా ఆధారపడి శీర్షికలు పెట్టామని న్యూయార్క్ టైమ్స్ ఆరు రోజుల తర్వాత ఎడిటర్ల నోటు రాసింది. తప్పును రాతలో ఒప్పుకున్న పత్రికను రేపు కూడా చదవొచ్చు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రాత్రుల్లో మన దేశపు కొన్ని ఛానెళ్లు కరాచీ ఓడరేవు ధ్వంసమైందన్నాయి. వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధదృశ్యాలుగా తిరిగాయి. సైన్యంలో, నేవీలో పిల్లలున్న ఊళ్లు మన రెండు జిల్లాల్లో ఎన్నో, ఆ రాత్రులు ఆ ఇళ్లలో ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది? అలాంటి రాత్రి ఐఎస్‌డబ్ల్యూ కూడా అక్కరకు రాదు, అది మర్నాటి వస్తువు. అప్పుడు చేయవలసింది ఒక్కటే: అదే వార్త రెండు వేర్వేరు వార్తాసంస్థలు తమ సొంత విలేకరి పేరుతో ఇచ్చేదాకా ముందుకు పంపకుండా ఆగడం. ఒక ఏజెన్సీ వార్తను పది సైట్లు ఎత్తి రాస్తే అవి పది ఆధారాలు కావు, ఒక్కటే.

ఉద్దానం, సోంపేట, కవిటి వైపు మర్చంట్ నేవీ కుటుంబాలకు మాత్రం వేరే సేవ కావాలి. ఎర్రసముద్రంలో ఓడల మీద యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల దాడుల గురించి ఐఎస్‌డబ్ల్యూ ఇరాన్ నివేదికలో ఉంటుంది గానీ ఓడ వారీగా కాదు. అందుకు బ్రిటన్ నౌకాదళం నడిపే, ఓడల భద్రత కబుర్లు ఇచ్చే యూకేఎంటీఓ కేంద్రం నోటీసులు చూడాలి. ఒక్కో ఘటనకు నంబరు, సమయం, ఏ రేవుకు ఏ దిక్కున ఎన్ని నాటికల్ మైళ్ల దూరమో ఇస్తారు. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, 60 నాటికల్ మైళ్లంటే 111 కిలోమీటర్లు. టైము యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన టైముకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి. నోటీసులో సాధారణంగా ఓడ పేరుండదు, అదే ఇంట్లోవాళ్లను కుదిపేసేది. పేరు బయటకు వచ్చేదాకా ఫోన్‌లో ఓడల యాప్ తెరిచి, సిగ్నల్ లేదని గుండెలు బాదుకుంటారు. ప్రమాదకరమైన నీళ్లలో ఓడ తానెక్కడుందో చాటే ఏఐఎస్ సిగ్నల్‌ను కావాలనే ఆపేస్తుంది. జీపీఎస్ జామింగ్ జరిగితే ఓడ ఏ ఎడారి మధ్యలోనో ఉన్నట్టు చూపిస్తుంది. సిగ్నల్ పోవడం ఓడ పోవడం కాదు. అబ్బాయి ఓడెక్కిన రోజే ఓడ పేరుతోపాటు ఏడంకెల ఐఎంఓ నంబరు రాసి ఉంచుకోండి. పేరు, జెండా మారతాయి గానీ ఆ నంబరు ఓడ విరిచేదాకా మారదు. ఆ కాగితం మీదే అబ్బాయిని ఓడకు పంపిన ఆర్‌పీఎస్‌ఎల్ కంపెనీ, అంటే నావికులను చేర్చే లైసెన్సున్న కంపెనీ, ఫోన్ నంబరు కూడా ఉండాలి.

ఈ వార్తలు ఎలా వచ్చాయో తెలిసిన ఘటన ఒకటి చూస్తే చాలు. 2024 మార్చి 6న ఏడెన్ సింధుశాఖలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడకు క్షిపణి తగిలింది. మొదట వచ్చింది యూకేఎంటీఓ నోటీసు, పేరు లేకుండా. తర్వాత పేరు, ఆపైన మృతుల సంఖ్య. ముగ్గురు నావికులు చనిపోయారు. మన ఐఎన్‌ఎస్ కోల్‌కతా వెళ్లి 21 మందిని కాపాడింది, వాళ్లలో ఒకరు భారతీయుడు. వార్త ఇలా మెట్లు మెట్లుగానే వస్తుంది. మొదటి మెట్టు మీద చివరి మెట్టు సంగతి అడిగితే ఎవరో ఒకరు అబద్ధం చెబుతారు.

వాడకంలో చిన్న విషయాలు: ఇంటరాక్టివ్ మ్యాపు బరువు ఎక్కువ, తక్కువ ర్యామ్ ఫోన్లలో మొరాయిస్తుంది. నివేదికలోనే ఉండే బొమ్మ మ్యాపు దించుకుని వేళ్లతో పెద్దది చేసుకుంటే సరిపోతుంది. వారానికి ఒకే రోజు, ఆదివారం అనుకోండి, ఆ బొమ్మను ఒక ఫోల్డరులో దాచుకోండి. నాలుగు వారాల తర్వాత నాలుగూ వరసగా తిప్పి చూస్తే ఏ శీర్షికా చెప్పని కదలిక కనబడుతుంది. కొన్ని ఊళ్లకు రష్యా వాడే సోవియట్ కాలపు పేరు, ఉక్రెయిన్ వాడే పేరు రెండూ ఉంటాయి. ఒకరు ఆర్త్యోమొవ్‌స్క్ అంటే ఇంకొకరు బఖ్‌ముత్ అంటారు, ఊరు ఒకటే. తెలుగు పత్రికలో ఊరి పేరు ఎలా రాసినా, మ్యాపులో ఒకసారి వేలు పెట్టి చూసుకోండి.

ఐఎస్‌డబ్ల్యూకు నేనిచ్చే మార్కులు: యుద్ధరేఖ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఐదుకు నాలుగున్నర, ఎందుకు అలా జరుగుతోందో తెలుసుకోవడానికి మూడు, అక్కడి జనం గురించి ఒకటి. ఆ చివరి మార్కు లోటు ఏపీ, రాయిటర్స్, బీబీసీ తెలుగులతో పూడ్చుకోవాలి. ఉక్రెయిన్ కోసం ఐఎస్‌డబ్ల్యూ, ఓడల కోసం యూకేఎంటీఓ, ఈ రెండూ ఫోన్‌లో పక్కపక్కన బుక్‌మార్క్ చేసుకోండి. సరిహద్దులో కాల్పులు మొదలైన రాత్రికి మాత్రం ఈ రెంటిలో ఏదీ పనిచేయదు.